ఆ దగ్గు సైదున్నీసాది

గల్ఫులో, షార్జా కిందికొచ్చే ఖోర్ ఫక్కాన్ అనే రేవు ఊళ్ళో చేపల మార్కెట్టు వెనక వీధిలో ఒక పాత అయిదంతస్తుల బిల్డింగు ఉంది. 2020లో, లోకమంతా తలుపులు బిడాయించుకుని కూర్చున్న రోజుల్లో, ఆ బిల్డింగు జనం నిద్ర లేవగానే దేవుడికి దండం పెట్టుకునేవారో లేదో గాని, సైదున్నీసా వాయిస్ మెసేజి మాత్రం తప్పకుండా వినేవారు.

“సలామండీ, నమస్తే అండీ. సైదున్నీసాను మాట్లాడతా ఉండా. ఈ పొద్దు పైన ట్యాంకు కడుగుతారంట. బకెట్లు, బిందెలు, కావాలంటే టీ గలాసులు గూడా నింపి పెట్టుకోండి. లిఫ్టులో ఇద్దరే ఎక్కల్ల. సందుండాది గదా అని మూడో మనిషి దూరితే చెయ్యి పట్టి బయటికీడుస్తా, ఎవురని సూడను. మాస్కు గడ్డానికి కాదు, ముక్కుకు. సెప్పలేదని మళ్ళా నన్ను అనొద్దండీ.”

ఆ వెంటనే ఇదే సంగతి ఉర్దూలో, ఇంకాస్త గట్టిగా. నాలుగో అంతస్తులో ఉండే ఈజిప్టు ముసలాయనకి రెండు భాషల్లో ఏదీ ముక్క అర్థమయ్యేది కాదు. అయినా ఆఖరిదాకా విని, తల పంకించి, మాస్కు పైకి లాక్కునేవాడట. ఆ గొంతు అట్లాంటిది మరి!

నిజానికి ఆ పని ఆమెది కాదు. బిల్డింగు కాపలాదారుని ఇక్కడ నాతూరు అంటారు. అసలు నాతూరు కలీం, నెల్లూరు వైపు మనిషి. చెల్లెలి పెళ్ళికని ఊరికి వెళ్ళాడు, వెనకాలే విమానాలు ఆగిపోయాయి. పెళ్ళీ వాయిదా పడింది, మనిషీ అక్కడే ఇరుక్కుపోయాడు. సైదున్నీసా రాయచోటి నుంచి వచ్చి బిల్డింగు యజమాని ఇంట్లో ఏళ్ళ తరబడి వంటా, పిల్లలూ చూసింది. ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఇక్కడ మెట్లు కడిగే పనిలోకి మారింది. ముసలి యజమాని ఆమెకి ఫోన్ చేసి, కలీం వచ్చేదాకా గుమ్మం దగ్గర అతని బల్ల నువ్వే చూసుకో అన్నాడు. ఆడమనిషి నాతూరేమిటని ఆఫీసులో ముదీర్, అంటే మేనేజరు, ముక్కు విరిచాడు. విరిస్తే విరిచాడు లెండి, వేరే మనిషి దొరకాలి కదా.

ఆఫీసు నుంచి నోటీసులు అరబ్బీలో, ఇంగ్లీషులో వచ్చేవి. వాటిని లిఫ్టులో అతికిస్తే ఒక్కరు చదివిన పాపాన పోలేదు. సైదున్నీసాకి ఆ రెండూ చదవడం రాదు. ఆఫీసులో పనిచేసే హైదరాబాదు కుర్రాడు అఖీల్ ఫోన్‌లో సారం చెప్పేవాడు. ఆమె దాన్ని తన నోట వేసుకుని, కొంచెం ఉప్పూకారం తగిలించి, బిల్డింగు గ్రూపులో వదిలేది. జనానికి అది బాగా పట్టింది. అందరూ ఫోన్ స్పీకర్ మీద పెట్టి వినేవారు. ఆ బిల్డింగులో వంటగదుల కిటికీలన్నీ నడుమనున్న గాలిసందులోకి తెరుచుకుంటాయి. పొద్దున్నే ఆ సందులో నాలుగైదు ఫోన్లలో ఒకేసారి సైదున్నీసా మోగుతుంటే, పనిలో ఉన్న అసలు సైదున్నీసా మెట్ల మీద నిలబడి విని, లోపల్లోపల మురిసిపోయేది. ఎందుకు మురవకూడదు? పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఆమె మాట ఇంతమంది విన్నది లేదు.

అంతలో జ్వరాల నోటీసు వచ్చింది. ఎవరికైనా జ్వరం, దగ్గు ఉంటే ఫలానా నంబరుకు వెంటనే ఫోన్ చేయాలి, దాచకూడదు. సైదున్నీసా నంబరు చెప్పింది. చెప్పి, తన సొంత మాటొకటి తగిలించింది. “ఫోన్‌లో మాట్లాడేదానికి భయమయితే నాకు సెప్పండి. నేనుండా. మీ తరపున నేను మాట్లాడతా.”

ఆ మాటే ఆమె నెత్తి మీదికి వచ్చింది.

ఒక పొద్దున గాలిసందులో దగ్గు వినబడింది. మామూలు దగ్గు కాదు, లోపలినుంచి పెకలించుకొచ్చే దగ్గు. దగ్గినవాళ్ళు నోరు నొక్కుకుంటున్నట్టు మధ్యలో తెగిపోయి మళ్ళీ మొదలయ్యేది. ఇక చూడండి గ్రూపులో గోల! ఎవరిది? ఏ ఫ్లాటు? మాది కాదంటే మాది కాదు. ఆఖరి అంతస్తులో కాకినాడ అమ్మాయి సుభాషిణి ఉంటుంది, భర్త పోర్టులో పని. ఆమె చంకలో మూడో నెల బిడ్డ. దగ్గు సరిగ్గా ఆమె వంటింటి నెత్తి మీదే.

“అది డాబా మీదేనండి, నాకు బాగా వినిపిస్తోంది. అక్కడెవరో ఉన్నారు. నాకు చంటిపిల్లండీ బాబూ, దయచేసి ముందు వాళ్ళని పంపించేయండి,” అని ఏడుపు గొంతుతో మెసేజి పెట్టింది. ఆమెని తప్పుపట్టలేం. ఆ రోజుల్లో చంటిబిడ్డ తల్లి ప్రాణం అరచేతిలో ఉండేది.

సైదున్నీసా మాపు గోడకి ఆనించి డాబా ఎక్కింది. ట్యాంకుల పక్కన ఒక రేకుల గది. లెక్క ప్రకారం అక్కడ ఎవరూ ఉండకూడదు. ఉన్నది వెంకట్రాములు. జగిత్యాల వైపునుంచి వచ్చి బిల్డింగు పనుల్లో చెక్కలు బిగించే మనిషి. సైటు మూసేశాక ఒక్కడే మిగిలాడు. గ్రూపులో లేడు. అయినా సైదున్నీసా మెసేజీలన్నీ అతనికి తెలుసు. గాలిసందులోంచి వినేవాడు.

తలుపు కొద్దిగా తెరుచుకుంది. కళ్ళు ఎర్రగా, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఆమె ట్యాంకు దాకా వెనక్కి జరిగి నిలబడింది.

“ఎన్నాళ్ళ నుంచి తమ్ముడా?”

“మొన్నటి సంది అక్కా. నీ కాల్మొక్త, ఎవ్వలకు జెప్పకు.”

“సెప్పకుంటే ఎట్ల? నంబరుకు ఫోన్ చేస్తే వాళ్ళే వచ్చి తీసకపోతారు, మందులిస్తారు.”

“గదే నా భయం,” అన్నాడు అతను. గోడ పట్టుకుని కిందికి జారి కూర్చున్నాడు. “నా రూముల ఉండే ప్రమోద్ను గట్లనే తీస్కపోయిన్రు. సైటు కాడికెంచే పట్టుకపోయిన్రు, రూముకు సుత రానియ్యలె. గప్పటి సంది ఫోన్ బందు. రోజూ జేత్తున్న, స్విచాఫ్. పోయినోడు ఏమయిండో ఎవ్వలకెరుక? నన్ను గూడ గట్లనే తీస్కపోతే ఆడ కిష్టవ్వకు ఎవ్వలు జెప్పాలె? ఆని ఫోన్ ఒక్కసారి మోగనీ అక్కా. గప్పుడు నేనే వోత.”

కిష్టవ్వ అతని భార్య. సైదున్నీసా కసరబోయి ఆగిపోయింది. నేనుండా అని గ్రూపులో అంత గొప్పగా చెప్పింది తనే కదా.

“రేపు మధ్యాన్నం నమాజు దాకా నీకు టైమిస్తా. ఈ లోపల ఊపిరి ఆడనట్టుంటే ఆ నిమిషమే నాకు ఫోన్ చెయ్యి. రేపు మాత్రం నువ్వొద్దన్నా నేను ఊరుకోను. గడప దాటావో, నా అంత చెడ్డది ఉండదు.”

మెట్లు దిగుతుండగానే అఖీల్ ఫోన్. అతను ఆమెని ఖాలా, అంటే పిన్ని, అని పిలుస్తాడు.

“ఖాలా, పైన రూములో ఎవడో ఉన్నాడంట కదా. ముదీర్ మండిపోతున్నాడు. మనుషుల్ని పంపిస్తా, వాణ్ణి సామానుతో సహా బయటికి తోసి రూముకు తాళం వేయించమంటున్నాడు. యల్లా, తొందరగా చెప్పు. దగ్గింది ఎవరు?”

బయటికంటే ఎక్కడికి? సైటు మూత, కూలీల క్యాంపులోకి కొత్త మనిషిని రానివ్వరు. ఒళ్ళు కాలే జ్వరంతో మనిషి వీధిలో పడతాడు. సైదున్నీసాకి అబద్ధాలాడే అలవాటు లేదు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు కూడా. కానీ ఆ క్షణంలో నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది.

“నేనే దగ్గినా.”

“నువ్వా?”

“నేనే. ఏం, నేను దగ్గకూడదా?”

అని ఊరుకోలేదు మహాతల్లి. గ్రూపులో మెసేజి కూడా పెట్టింది. “సలామండీ, నమస్తే అండీ. పైన దగ్గింది దయ్యమూ కాదు, దొంగా కాదు. నేనే. ట్యాంకు కాడ బ్లీచింగు నీళ్ళతో కడుగుతాంటే ఘాటు గొంతులోకి పోయింది. ఖలాస్. సెప్పలేదని మళ్ళా నన్ను అనొద్దండీ.”

గ్రూపులో గోల సద్దుమణిగింది. వాళ్ళకి ఆమె మీద అంత నమ్మకం. నమ్మారు, నమ్మి ఏం చేశారంటే, ఆమెను చూసి భయపడ్డారు! ఘాటో కాదో ఎవడు చూశాడు, దగ్గు దగ్గే కదా. ఆమె మెట్ల మీద కనబడితే తలుపులు దబదబా పడ్డాయి. ఆమె తుడిచిన రెయిలింగుని పట్టుకోవడం మానేశారు. ఆమె ఎక్కి దిగిన లిఫ్టు ఖాళీగా కిందికీ పైకీ తిరిగింది. ఆమె వీటినేమీ లెక్కచేయలేదు గాని, ఒక్కటి మాత్రం గుచ్చుకుంది. రోజూ సాయంత్రం పై అంతస్తు తుడిచేసరికి సుభాషిణి టీ ఇచ్చేది. పువ్వుల పింగాణీ కప్పు, చెవి కొంచెం విరిగింది. అది సైదున్నీసా కప్పని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆ సాయంత్రం తలుపు తెరుచుకోలేదు. గడప బయట నేలమీద కాగితపు కప్పులో టీ ఉంది.

సైదున్నీసా మెట్టు మీద కూర్చుని ఆ టీ తాగింది. కళ్ళ నీళ్ళు వచ్చాయి, కొంగుతో తుడుచుకుంది. “చంటిబిడ్డ తల్లి, మంచి పనే చేసింది,” అని పైకే అనుకుంది. అన్నా కూడా ఏడుపు ఆగలేదు.

అఖీల్ మళ్ళీ ఫోన్ చేశాడు. ముదీర్ ఆమెను పరీక్ష చేయించుకోమన్నాడని, రేపటినుంచి వేరే మనిషిని పెడతాడేమోనని నసుగుతూ చెప్పాడు. వేరే మనిషి వస్తే ఆమె పనికీ, ఆ బల్లకీ, ఆ గొంతుకీ ఖలాస్. అంతా తెలిసే, “పెట్టుకోమను,” అంది. ఆమె చూపు మాత్రం డాబా మెట్ల మీదే ఉంది. ఒకవేళ పైన మనిషికి ఏదైనా అయితే? పసిబిడ్డకి అంటుకుంటే? తను చేసింది మంచో చెడో ఆమెకే తెలియలేదు. చేసేసింది, అంతే. పొద్దుపోయేదాకా గంటగంటకీ పైకెళ్ళి, ట్యాంకు దగ్గరే నిలబడి, “తమ్ముడా, పలుకు,” అనేది. లోపలినుంచి, “ఉన్నక్కా,” అనే మాట వినబడితే గాని కిందికి దిగేది కాదు.

మర్నాడు మధ్యాహ్నానికి గంజి పోసిన డబ్బా గడప దగ్గర పెట్టి వెనక్కి జరిగింది. వెంకట్రాములు తలుపు తెరిచాడు గాని డబ్బా అందుకోవడానికి వంగలేకపోయాడు. తలుపుకి చేరగిలబడి రొప్పుతున్నాడు.

“ఖలాస్ తమ్ముడా. ఇంక ఆగేది లేదు. ఫోన్ చేస్తా ఉండా.”

“ప్రమోద్ ఫోన్ ఇంక మోగలేదక్కా.” చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. “ఆడు సచ్చిపోయిండేమో.”

సైదున్నీసా తెరిచిన తలుపులోంచి గదిలోకి చూసింది. రెండు మంచాలు. ఒకటి అతనిది, రెండోది దుప్పటి మడత పెట్టి ఉంది. రెండో మంచం నెత్తిన ప్లగ్గు. అందులో చార్జరు, తీగ మంచం మీదికి వేలాడుతోంది.

“ఆ చార్జరు ఎవురిది?”

“ప్రమోద్ది.”

“సైటు కాడినుంచే తీసకపోయినారన్నావే. రూముకు రాలేదన్నావే.”

“రానియ్యలె.”

“ఒరే నా తండ్రీ!” సైదున్నీసా నెత్తి కొట్టుకుంది. “వాని చార్జరు ఇక్కడ గోడకి ఏలాడతాంటే వాని ఫోన్ అక్కడెట్ల మోగుతాది రా? ఇన్నాళ్ళూ దాని పక్కనే పండుకుని వాడు సచ్చిపోయినాడని ఏడుస్తా ఉండావా!”

వెంకట్రాములు ఆ ప్లగ్గు వైపు చూశాడు. ఏడుపు మధ్యలోనే నవ్వొచ్చింది, నవ్వు మధ్యలో దగ్గొచ్చింది. దగ్గు ఆగాక, “జెయ్యి అక్కా, ఫోన్ జెయ్యి,” అన్నాడు.

నంబరుకు ఆమే మాట్లాడింది, ఉర్దూలో, బిల్డింగు గుర్తులతో సహా. ఆ తర్వాత గడప బయటినుంచే సంచి ఎట్లా సర్దుకోవాలో చెప్పింది. “ముందు చార్జరు పెట్టు. వానిది గూడా పెట్టు. గుడ్డలు తర్వాత.”

అంబులెన్సు వచ్చేలోపల ఆమె ఇంకొక పని చేయాలి. అన్నిటికంటే కష్టమైన పని అదే. మెట్ల మలుపులో నిలబడి ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది.

“సలామండీ, నమస్తే అండీ. నిన్న దగ్గింది నేను కాదు. మీకు అబద్ధం సెప్పినా. పైన వెంకట్రాములని ఒక మనిషుండాడు, ఆయప్పకు బాగలేదు. బయటికి తోస్తారని నేనే దాచినా. తప్పు నాది, నన్ను ఏమన్నా అనండి, పడతా. ఇప్పుడు ఆయప్ప మెట్ల మీద దిగుతాడు. అందురూ తలుపులు మూసుకోండి, బయటి కిటికీలు తెరుసుకోండి. ఆయప్పను మాత్రం ఎవురూ ఒక్క మాట అనొద్దు. అంటే నేనూరుకోను.”

ఆఖరున ‘సెప్పలేదని అనొద్దండీ’ అనలేదు. అన్నీ చెప్పేసింది మరి.

తెల్లసూట్ల మనుషులు వచ్చారు. వెంకట్రాములు సంచి గుండెలకి హత్తుకుని ఒక్కో మెట్టూ దిగాడు. అయిదంతస్తుల తలుపులూ మూసే ఉన్నాయి. మొదట పై అంతస్తు దాటుతుంటే ఒక తలుపు వెనకనుంచి బిడ్డ ఏడుపు, ఆ ఏడుపు మీదుగా సుభాషిణి గొంతు వచ్చాయి. “జాగ్రత్తగా వెళ్ళి రా అన్నయ్యా.” వెంకట్రాములు ఆగాడు. సైదున్నీసా కాక ఆ బిల్డింగులో అతన్ని ఒకరు పిలవడం అదే మొదటిసారి.

సుభాషిణి అక్కడితో క్షమించేసిందనుకోకండి. ఆ సాయంత్రమే సైదున్నీసాకి ఫోన్ చేసి కడిగిపారేసింది. “నా బిడ్డ నెత్తిమీద జబ్బు మనిషిని ఒక రోజు దాచావు. నీ మీద నమ్మకంతో నేను కిటికీ కూడా మూయలేదు తెలుసా?” అంది. “నిజమేనమ్మా,” అంది సైదున్నీసా.

ముదీర్ ఆమెను పనిలోంచి తీసేయమన్నాడు. అప్పుడు ముసలి యజమానే ఫోన్ చేసి అడిగాడు, ఎందుకు అబద్ధమాడావని. “బాబా, మనిషిని వీధిలోకి తోస్తే ఆ దగ్గు ఊరంతా తిరుగుతుంది. గదిలో ఉంటే ఒక్క గదిలోనే ఉంటుందనుకున్నా. అదొక్కటే కాదు, పాపమనిపించింది,” అంది ఆమె, తనకొచ్చిన అరబ్బీలో. “నీ గది దాటకు. పరీక్ష అయ్యేదాకా అక్కడినుంచే మాట్లాడు, జనం వింటారు,” అని పెద్దాయన ఫోన్ పెట్టేశాడు.

మెట్ల కింద గదిలో ఒంటరిగా కూర్చుని సైదున్నీసా మాట్లాడింది. ఆమెకి ఏమీ లేదని తేలింది. సుభాషిణి ఇంట్లోనూ, మిగతా ఫ్లాట్లలోనూ అందరూ బాగున్నారు. ఆ మాట విన్నాక ఆమె మొదటిసారి కంటినిండా నిద్రపోయింది. ఇంకో రెండు రోజులకి తెలియని నంబరునుంచి ఫోన్ వచ్చింది.

“అక్కా, నేను ప్రమోద్ను. మా వెంకట్రాములు నా పక్క మంచం మీదికే వచ్చిండు. చార్జరు దెచ్చిండు. గిప్పుడే ఇంటికి మాట్లాడిన. మా అవ్వ నేను సచ్చిపోయిన్ననుకొని అన్నం దింటలేదట. నువ్వు సల్లగుండాలె అక్కా.”

మర్నాటి మెసేజిలో కొత్త రిమైండరు వచ్చింది. “అంబులెన్సు వస్తే భయపడొద్దు. ముందు చార్జరు సంచిలో వేసుకోండి, మిగతాది తర్వాత. చార్జరు లేక ఒక తల్లి అన్నం మానేసింది, సెప్పలేదని మళ్ళా నన్ను అనొద్దండీ.” ఆ మాటని మిగతా బిల్డింగుల నాతూర్లు కూడా తమ గ్రూపుల్లో పంచారు. ఆఫీసు నోటీసులో రాని మాట అది, ఏ నోటీసూ అంత దూరం పోలేదు.

వెంకట్రాములు కోలుకుని తిరిగొచ్చాడు. డాబా గదిని ఆఫీసు అతని పేరున సరిగా రాయించి ఇచ్చింది, ముసలాయన మాట మీద. సైదున్నీసా అతన్ని గ్రూపులో చేర్చింది. ఇప్పుడు ట్యాంకు సంగతులు పైనుంచి అతనే చెబుతాడు: “నీళ్ళు నిండినయ్, మోటరు బందువెట్టిన.” కలీం ఊరినుంచి వచ్చి తన బల్ల తను తీసుకున్నాడు గాని, మెసేజీలు మాత్రం ఆమెవే. కలీం పెడితే వినేవాళ్ళు లేరు, ఆ విషయం అతనే ఒప్పుకున్నాడు. సుభాషిణి చాలా రోజులు ముభావంగానే ఉంది. ఒక సాయంత్రం తలుపు తెరిచి, చెవి విరిగిన ఆ పింగాణీ కప్పులోనే టీ చేతికిచ్చింది. సైదున్నీసా అక్కడే నిలబడి ఆఖరి గుక్క దాకా తాగింది.

అదంతా అయ్యాక ఆ బిల్డింగులో ఒక వింత అలవాటు పట్టుకుంది. గాలిసందులో ఎవరు దగ్గినా సరే, వేరే అంతస్తునుంచి ఎవరో ఒకరు, “నేనే దగ్గినా!” అని అరుస్తారు. ఈజిప్టు ముసలాయన కూడా ఆ రెండు తెలుగు మాటలు నేర్చుకున్నాడు. మొదట్లో వేళాకోళంగా మొదలైంది. ఇప్పుడు వేళాకోళమో కాదో ఎవరికీ తెలియదు.

మొన్న దుమ్ముగాలి రోజున సైదున్నీసా మెట్లు కడుగుతోంది. వయసు మీద పడింది, మునుపటి ఒడుపు లేదు. మోకాళ్ళ నొప్పులు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఇంక పని మానేసి ఊరికి పొమ్మంటారేమోనని ఈ మధ్య లోపల బెంగ. దగ్గొచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది గాని ఆగలేదు, అంతస్తులన్నిటికీ వినబడింది. ముదీర్ ఆ రోజు కిందే ఉన్నాడు. తలెత్తి, “ఎవరది?” అన్నాడు.

“నేనే దగ్గిన!” డాబా మీదినుంచి వెంకట్రాములు.

“కాదండీ, నేను!” ఆఖరి అంతస్తు వంటింటిలోంచి సుభాషిణి.

ఆ తర్వాత అన్ని కిటికీల్లోంచీ అదే మాట. మెట్టు మీద కూలబడి, మాపు ఒళ్ళో పెట్టుకుని, సైదున్నీసా వింటూ కూర్చుంది.